గంట కొట్టాల్సిన మనిషి

మార్చి 4, సోమవారం

మేనేజరు పిలిచారు. పెద్ద కోచ్‌గారు నెలాఖరుకి రిటైరవుతున్నారట. ఆ కుర్చీ నాకే ఇస్తారట. "ప్రొఫెషనల్‌గా ఆడినదానివి, పైగా ఈ గోల్ఫ్ మైదానంలోనే పుట్టి పెరిగినదానివి. నీకంటే ఎవరున్నారు?" అన్నారు. నేను ఇక్కడ పుట్టలేదు. నాన్న ఇక్కడ బంతులేరే పనికి కుదిరేనాటికి నాకు పలక పట్టుకునే వయసు. అయినా సరిచెయ్యలేదు.

ఒక్క కాగితం మాత్రం కావాలట. వైద్య పరీక్షది. "గుండె, రక్తం, కళ్లు. అంతే. నీ వయసుకి అదొక పరీక్షా!" అని నవ్వారు. నేనూ నవ్వాను. బయటికొచ్చి కుళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. చేతులకంటే నీళ్లే వెచ్చగా ఉన్నాయి.

ఇంట్లో చెబితే నాన్న కూర్చున్నవాడు లేచాడు. "అంటే రేపట్నించి నువ్వు నాకు పై అధికారివా? ఆలస్యంగా వస్తే జీతం కోస్తావా?"

"కోస్తుంది, కొయ్యదూ మరి. నా కూతురు," అంది అమ్మ.

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

మార్చి 5

ఈ డైరీని దాచాల్సిన పనిలేదు. టేబుల్ మీద తెరిచిపెట్టినా మా ఇంట్లో చదవడం వచ్చినవాళ్లు వేరే లేరు. అమ్మ దీని మీద కాఫీ గ్లాసు పెడుతుంది. కాబట్టి ఇక్కడైనా నిజం రాయాలి.

బంతి కనబడడం లేదు.

నేల మీద ఉన్నప్పుడు కనబడుతుంది. దాని మీద గుంటలు కూడా లెక్కపెట్టగలను. కొట్టాక ఎటు పోతుందో తెలియదు. ఆకాశంలో ఎక్కడని వెతకాలి? దొరకదు. శబ్దాన్ని బట్టి చెబుతున్నాను. మధ్యలో తగిలితే ఒక చప్పుడు, అంచున తగిలితే ఇంకో చప్పుడు. తర్వాత నేర్చుకునేవాళ్ల మొహం చూస్తాను. వాళ్ల తల కుడికి తిరిగితే "కుడికి పోయింది, మణికట్టు తొందరపడింది" అంటాను. వాళ్లు ఆశ్చర్యపోతారు. నాకు మంచి కోచ్ అని పేరు.

ఈమధ్య కొంటున్న బంతుల్లో తెలుపు తక్కువ. అదీ ఒక కారణం కావచ్చు.

మార్చి 8

పెద్ద కోచ్‌గారు ఇవాళ నాకు గంట అప్పగించారు. ఇన్నేళ్లూ ఆయనే కొట్టారు. అప్పగింతంటే పెద్ద తతంగమే చేశారు, కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టి మరీ.

"మీ నాన్న బంతులేరే జాలీ బండిలో ఉన్నంతసేపు నీకు దిగుల్లేదు. ఎవరెన్ని కొట్టినా ఇనుప జాలీకే తగుల్తాయి. వెధవలందరూ ఆ బండికే గురిపెడతారు, పెట్టనీ. కానీ చక్రంలో బంతి ఇరుక్కుంటే మీ నాన్న దిగాలి. దిగేముందు చెయ్యి బయటికి పెట్టి ఎత్తుతాడు. నువ్వు గంట కొట్టాలి. అందరూ చేతుల్లోని క్లబ్బులు కింద పెట్టాక టోపీ తీసి ఎత్తాలి. ఇంజన్ మోతలో ఆయనకి గంట వినబడదు. టోపీ కనబడితేనే దిగుతాడు."

"తెలుసు సార్. చిన్నప్పట్నించీ చూస్తున్నాను."

"చూడ్డం వేరు, చూస్తూ ఉండడం వేరు. ఆ కుర్చీలో కూర్చుంటే నీ పని చూస్తూ ఉండడమే."

కుర్చీ ఇంకా ఆయన కూర్చున్న వేడితోనే ఉంది. మధ్యాహ్నమంతా బండినే చూశాను. బండి కనబడుతుంది. పచ్చ రంగు వేశారు, గడ్డి మీద పచ్చ రంగు ఏమిటో. పసుపు వేయించమని మేనేజర్ని అడగాలి.

మార్చి 9

నిద్ర సరిగ్గా లేదు.

మార్చి 12

పళ్ల డాక్టరుగారి క్లాసు. యాభై దాటాక గోల్ఫ్ నేర్చుకోవాలని పుట్టిందట ఈవిడకి. నేర్చుకోవడం తక్కువ, మాట్లాడడం ఎక్కువ. నన్ను "కోచమ్మా" అంటారు.

"కోచమ్మా, నువ్వు పోటీల్లో ఆడేదానివట కదా. ఎందుకు మానేశావ్?"

"కుదరలేదండి."

"పెళ్లి కుదరలేదన్నట్టు చెబుతున్నావే. ఆట కుదరకపోవడమేమిటి?"

చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. పొద్దున మొదలుపెట్టిన ఆటలో నేనే ముందుండేదాన్ని. పొద్దువాలి చివరి హోల్స్‌కి వచ్చేసరికి అన్నీ తప్పులే. బంతి ఎంత దూరంలో ఉందో అంచనా తప్పేది, పచ్చిక వాలు తెలిసేది కాదు. "సాయంత్రమైతే సడలిపోయే అమ్మాయి" అని పేపర్లో రాశారు. అప్పటి నా కోచ్ అయితే, "నీకు గెలుపంటే భయం. మీ ఇంట్లో ఎవరూ గెలిచి ఎరగరు, అదీ నీ జబ్బు," అన్నారు. నేను నమ్మాను. నిజమే కదా, మా ఇంట్లో ఎవరు గెలిచారు? ఆట మానేసి, నేర్పే పనిలోకి వచ్చాను.

ఆవిడ బంతి కొట్టారు. "ఎటు పోయింది?"

"నేరుగానే పోయిందండి."

ఆవిడ నావైపు ఒక్క క్షణం చూశారు. "నేను పళ్లు పీకేదాన్నమ్మా. నొప్పి లేదని అబద్ధమాడేవాళ్లని రోజూ చూస్తుంటాను," అన్నారు. అని మళ్లీ బంతి పెట్టుకున్నారు.

ఎందుకలా అన్నారు?

మార్చి 13

వంటింట్లో స్టూలు తన్నుకుని పడ్డాను. పాలగిన్నె మీద పడింది. అమ్మ అరిచింది. "చదువుకున్న కళ్లు కదా, కిందున్నవి ఎందుకు కనబడతాయ్!"

స్టూలు దారిలో ఉంది.

మార్చి 18

రేపే పరీక్ష. అక్షరాల బోర్డుంటుంది. పై వరస పెద్దది, కింది వరస చీమలంత. కింది వరస చదవలేకపోతే కుర్చీ లేదు. కుర్చీ సంగతి తర్వాత, అసలు కోచ్ పనే ఉండదు. కనబడని కోచ్‌ని ఎవరుంచుకుంటారు? వేరే ఏ పనీ రాదు నాకు. బడి, ఆట, ఈ మైదానం. అంతే.

నాన్న ఇవాళ తన పనివాళ్లందరికీ చెప్పుకున్నాడు. "మా అమ్మాయి ఇంగ్లీషు కాగితం కూడా గడగడా చదువుతుంది. ఇదొక పరీక్షా?"

మార్చి 19

చదివాను! కింది వరస కూడా! తడుముకోకుండా, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు. రెండు కళ్లూ విడివిడిగా. "పర్‌ఫెక్ట్" అని రాసి డాక్టరు సంతకం పెట్టారు. నేను మళ్లీ చదువుతానన్నాను. "అక్కర్లేదమ్మా, బయట జనం ఉన్నారు," అన్నారు.

ఇన్నాళ్లూ వట్టి భయమే. అప్పటి ఆ కోచ్ చెప్పింది నిజం, నాకు భయమే జబ్బు. కళ్లలో ఏమీ లేదు. ఏమీ లేదు. కింది వరస చదివినదానికి కళ్లలో ఏముంటుంది?

పరిగెత్తినట్టే ఇంటికొచ్చాను. గేటు దగ్గర సైకిల్‌కి తగిలి పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. నడిచే చోట సైకిల్ పెట్టడం ఏమిటి?

మార్చి 21

ఏమీ లేదు అని రాసుకున్నాను కదా. ఏమీ లేదు.

మార్చి 26

రాయాలి.

పొద్దున పళ్ల డాక్టరుగారి క్లాసు, గంట కూడా నాదే. రెండూ కలిపి చూసుకోవడం మామూలే, పెద్ద కోచ్‌గారూ అలాగే చేసేవారు. ఎండ గట్టిగా ఉంది. డాక్టరుగారు బంతి ముందు నిలబడి, "ఎవరూ లేరు కదా కోచమ్మా?" అన్నారు. ఆవిడ ప్రతిసారీ అడుగుతారు. నేను మైదానం వైపు తల తిప్పి చూశాను. చూశాను. బండి ఎడమవైపు ఆగి ఉంది. ఎవరూ లేరు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాను. "కొట్టండి," అన్నాను.

మంచి చప్పుడు వచ్చింది. ఆవిడ కొట్టినవాటిలోకెల్లా మంచిది.

తర్వాత ఆవిడ కేక. ఎవరో గంట కొట్టారు. నేను కాదు. అందరూ పరిగెడుతున్నారు, నేనూ వాళ్ల వెంట పరిగెత్తాను, ఎక్కడికో తెలియకుండా. బండికి ఇవతల, గడ్డి మీద నాన్న ఒకపక్కకి పడి ఉన్నాడు. జబ్బ పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏం లేదమ్మడూ, ఏం లేదు," అన్నాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి.

మెడ దగ్గర ఎముక విరిగింది. జానెడు పైకి తగిలుంటే చెవి వెనక.

మార్చి 27

జానెడు.

మార్చి 28

మేనేజరు ఆసుపత్రికి వచ్చారు. నాన్న పడుకునే నమస్కారం పెట్టబోయాడు, ఒక చెయ్యి కట్టులో ఉంది. ఆయన అడక్కముందే నాన్నే మొదలుపెట్టాడు. "తప్పు నాదే సారూ. చెయ్యెత్తకుండా దిగిపోయాను. వయసు మీదపడింది, మతి ఉండట్లేదు."

"ఇన్నేళ్ల సర్వీసు పెట్టుకుని ఇదేమిటయ్యా? నీ కూతురి చేతుల మీదుగా చచ్చేవాడివి."

"అదే సారూ. అమ్మాయి తప్పేం లేదు."

ఇక బండి ఇవ్వడం కుదరదని, తోటపనిలో ఏమైనా చూస్తామని మేనేజరు అన్నారు. నాన్న "సరే సారూ" అన్నాడు. నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆయన వెళ్లాక అడిగాను. "నాన్నా, నువ్వు చెయ్యెత్తావా?"

"పోనీలేమ్మా."

"ఎత్తావా?"

కిటికీ వైపు చూశాడు. "ఎత్తాను. నువ్వు నావైపే చూశావు. నేరుగా నన్నే. టోపీ తీశావు. అందుకే దిగాను." నావైపు తిరిగాడు. "నన్ను చూడలేదా అమ్మడూ?"

"లేదు నాన్నా."

అంతలో అమ్మ అన్నం క్యారియర్ తెచ్చింది.

మార్చి 29

పళ్ల డాక్టరుగారు ఇంటికొచ్చారు. కుర్చీ అంచున కూర్చున్నారు, మాటలు తక్కువ. ఇలా ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు.

"మీ నాన్నగారు చెయ్యెత్తలేదని అంటున్నారంతా. నేను తలదించి బంతినే చూస్తున్నాను, నాకు తెలియదు. నీకు తెలుసు."

నేను బల్ల అంచు గీకుతూ కూర్చున్నాను.

"పోయిన వారం నీకు బంతి అందిద్దామని పక్కనుంచి చెయ్యి చాపాను. నా చెయ్యి అక్కడ ఉన్నట్టే నీకు తెలియలేదు. పొగరనుకున్నాను. చాంపియన్ కదా అని." గొంతు సవరించుకున్నారు. "కళ్లు ఎప్పుడు చూపించుకున్నావ్?"

"మొన్ననే అండి. కింది వరసదాకా చదివాను. కాగితం కూడా ఉంది."

"అక్షరాలు చదవడం ఎదురుగా ఉన్నది చూడ్డమేనమ్మా. మిగతాదో?"

మిగతాదేమిటో నాకు తెలియలేదు. కళ్లంటే చదవడం అనుకున్నాను నేను. మా ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం.

తనకి తెలిసిన కంటి డాక్టరుందట. సోమవారం తనే తీసుకెళ్తానన్నారు. వద్దన్నాను. "అడగడం లేదు, చెబుతున్నాను," అన్నారు.

మార్చి 31

వెళ్లను. వెళితే తెలుస్తుంది. తెలియకపోతే ఇంకొన్నాళ్లు...

ఇంకొన్నాళ్లయితే ఎవరో ఒకరు చచ్చిపోతారు.

ఏప్రిల్ 1

వెళ్లాను.

పెద్ద తెల్లటి గిన్నెలాంటి మిషన్. అందులోకి మొహం పెట్టి, గడ్డం ఆనించి, మధ్యలో ఉన్న చుక్కనే చూడాలి. చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి నా వయసుదే. గది తలుపు వేసింది.

మొదట కొన్ని మెరిశాయి, చుక్కకి దగ్గరగా. నొక్కాను. తర్వాత ఆగిపోయాయి. చాలాసేపు ఏమీ రాలేదు. తెల్లటి గిన్నె, చుక్క, అంతే. లోపల ఏదో కదులుతున్న చిన్న చప్పుడు మాత్రం వస్తూనే ఉంది.

"మిషన్ ఆగిపోయినట్టుందండి," అన్నాను.

"లేదండీ, నడుస్తోంది. చుక్కనే చూడండి."

అప్పుడు తెలిసింది. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక వెలుగు మెరుస్తోంది. నా మొహం చుట్టూ, ఇంత దగ్గరగా. చప్పుడు విని ఒకసారి నొక్కాను. ఇంకోసారి నొక్కాను.

"చప్పుడుకి నొక్కకండి. దొంగతనం దొరికిపోతుంది," అంది ఆ అమ్మాయి. నవ్వుతూనే అంది, పాపం. మళ్లీ నొక్కలేదు. చప్పుడు వింటూ, బొటనవేలు అలాగే బటన్ మీద పెట్టుకుని, అది అయిపోయేదాకా కూర్చున్నాను.

డాక్టరు కాగితం చూపించారు. అంతా నలుపు. మధ్యలో ఒక తెల్లటి బిళ్ల. "ఇదీ నువ్వు చూస్తున్నది," అన్నారు. పుట్టుకతో వచ్చేదట, మెల్లిగా ముదురుతుందట. మసక వెలుతురులో ముందు తెలుస్తుందట. మందు లేదన్నారు. మధ్య చూపు చాలా ఏళ్లు ఉండొచ్చు, ఎన్నేళ్లో తను చెప్పలేనన్నారు.

"సాయంత్రాలు ఎప్పట్నించి ఇబ్బంది?"

పోటీల రోజులు గుర్తొచ్చాయి. చివరి హోల్స్. వాలు తెలియకపోవడం. పేపర్లో రాసింది. నేను భయపడి ఓడిపోలేదు. నాకు కనబడక ఓడిపోయాను. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, సంతోషం లాంటిది కలిగింది. ఆ కోచ్ ఇప్పుడెక్కడున్నారో వెతికి చెప్పాలనిపించింది. వెంటనే ఆ కాగితంలో నలుపు మళ్లీ కనబడింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

తెలియదన్నాను.

ఏప్రిల్ 2

నాన్నని అడిగాను. అమ్మ కట్టు సరిచేస్తోంది.

"మా అమ్మ పొద్దుగూకితే కూర్చున్నచోటే కూర్చునేది," అన్నాడు. "బద్ధకం అనేవాళ్లం. తిట్టేవాళ్లం కూడా." తర్వాత చెప్పాడు, "నువ్వూ చిన్నప్పుడు చీకటిపడితే నా చొక్కా పట్టుకుని వదిలేదానివి కాదు. నాకు గుండెల్లో రాయి పడేది. కానీ బడికెళ్లావు. మొదటి నెల్లోనే చదివేశావు. ఇంక నీ కళ్లకేంటి అనుకున్నా. చదివే పిల్ల కళ్లు బాగోకపోవడమేంటి?"

"నాతో ఒక్కనాడైనా అన్నావా ఈ మాట?" అంది అమ్మ. కట్టు బిగించేసింది, నాన్న అబ్బా అన్నాడు.

ఏప్రిల్ 3

మేనేజరుకి చెప్పేశాను. గుమ్మం దగ్గరే, కూర్చోకుండా. నాన్న చెయ్యెత్తాడని, నేను చూడలేదని, ఎందుకు చూడలేదో. నల్ల కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు, ఏవైపు పైనో తెలియక.

"ఈ సంగతి ముందే నీకు అనుమానమేనా?"

"అవునండి."

కిటికీలోంచి బయటికి చూశారు. అక్కడ ఎవరో కొడుతున్నారు, చప్పుడు వినబడుతోంది. పెద్ద కోచ్ కుర్చీ ఇవ్వలేనన్నారు. గంట దగ్గరికి వెళ్లొద్దన్నారు. పాఠాలు చెప్పడం గురించి కమిటీని అడగాలి, పక్కన ఇంకో మనిషి ఉంటే కుదురుతుందేమో, మాట ఇవ్వలేను అన్నారు. నాన్నకి నయమయ్యాక బండి మళ్లీ ఆయనకే.

"దానికి మాట ఇస్తారా?" అన్నాను.

"ఇస్తాను."

మెట్లు దిగుతూ మొదటిసారి ఒక్కొక్క మెట్టూ తల వంచి చూసుకున్నాను. ఎవరు చూస్తున్నారోనని అనుకోలేదు.

ఏప్రిల్ 6

భయం పోలేదు. పోతుందనుకున్నాను, చెప్పేశాక. పొద్దున లేవగానే ముందు గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాను, ఎన్ని అంకెలు ఒకేసారి కనబడుతున్నాయో. నిన్నటికంటే తగ్గాయా? తగ్గినట్టే ఉంటుంది. కళ్లు మూసుకుని ఇల్లంతా తడుముకుంటూ తిరిగాను. అమ్మ చూసి, "ఇప్పట్నించే ఎందుకే," అంది.

ఏప్రిల్ 10

నాన్న పొద్దున్నే పెరట్లోకి పిలిచాడు. కట్టు ఇంకా ఉంది. "నీకెంత ఉందో నాకు తెలియాలి. ఆ డాక్టరు కాగితం నాకు అర్థం కాదు. నేను రేపు బండెక్కినా, ఇంట్లో తిరిగినా, ఎక్కణ్ణించి నీకు కనబడతానో తెలియాలి కదా. నువ్వు ఆ గోడకేసి చూస్తూ నిలబడు. కదలకు. నేను వెనకనుంచి చుట్టూ నడిచి వస్తా. కనబడగానే చెప్పు."

నిలబడ్డాను. గోడ మీద ఒక పగులుంది, దాన్నే చూస్తున్నాను. వెనక చెప్పుల చప్పుడు.

"వస్తున్నా."

"ఊఁ."

"పై అధికారిగారూ, కనబడ్డానా?"

"ఇంకా లేదు."

ఎడమ చెవి పక్కకి వచ్చింది గొంతు. "ఇప్పుడో? మంచి చొక్కా వేసుకున్నా, చూడు."

"లేదు నాన్నా."

"జీతం పెంచుతానంటే కనబడతానేమో!" నవ్వుతున్నాడు. గొంతు ఇంకా ముందుకి వచ్చింది. చెంపకి ఊపిరి తగిలేంత దగ్గర. మనిషి లేడు. వెనక్కి తగ్గాలనిపించింది, కదలొద్దన్నాడు కదా అని పళ్లు బిగపట్టాను.

"ఇప్పుడు?"

"లేదు."

"ఇదుగో, ఇంకొక్క అడుగు. అంత తొందరేం లేదు. మెల్లిగానే వస్తున్నా."

అప్పుడు గోడ మీది పగులు పక్కన నాన్న మొహం నా చూపులోకి వచ్చింది. గొంతులో నవ్వు అలాగే ఉంది. మొహమంతా తడిసిపోయి ఉంది, ముక్కు చివరనుంచి కారుతోంది, కట్టు లేని చెయ్యి కూడా తుడుచుకోవడానికి లేవలేదు.

"కనబడ్డావు," అన్నాను.

నాన్న ఉలిక్కిపడి మొహం తిప్పుకున్నాడు. నాకు కనబడడానికి ఇంకా కాస్త దూరం ఉందనుకున్నాడట.